చిన్న పంక్, ఇండీ షోలకి వెళ్లడం ఎలా: బే ఏరియాలో మొదటి బ్యాండు నుంచి ఆఖరి రైలు దాకా

నేను మొదటిసారి పంక్ షోకి వెళ్లిన రోజు, ఎనిమిదింటికని రాసి ఉంటే పదింటికి వెళ్లాను. పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లినట్టు. అప్పటికే నాలుగు బ్యాండుల్లో మూడు వాయించేసి సామాన్లు వ్యాన్‌లో సర్దుకుంటున్నాయి. నా కాళ్లకి శాండల్స్. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. ఖాళీగా కనబడిందని తిన్నగా వెళ్లి స్పీకరు ముందు నిలబడ్డాను. అక్కడ ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించలేదు. ఆఖరి రైలు తప్పిపోయింది. ఫ్రీమాంట్‌లో ఇల్లు చేరేసరికి చెవిలో కీచురాయి ఒకటి దూరింది, రెండు రోజులు పోలేదు. చేయకూడనివన్నీ ఒక్క రాత్రిలో చేసేశాను కాబట్టి ఇది రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

పంక్ అంటే వేగంగా, గట్టిగా వాయించే రాక్ సంగీతం; ఇండీ అంటే పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా సొంతంగా నడిచే బ్యాండులది. ఇది స్టేడియాల్లో జరిగే కచేరీల గురించి కాదు. యాభై మంది నుంచి మూడు నాలుగు వందల మంది దాకా పట్టే చిన్న హాళ్ల గురించి. స్టేజీ మోకాలెత్తు ఉంటుంది, ఒక్కోచోట అదీ ఉండదు. గిటారు వాయించే మనిషి నుదుటి మీద చెమట కనబడుతుంది. తీగ తెగితే కింద నిలబడ్డవాళ్లకే ముందు తెలుస్తుంది. మన పాత థియేటర్లలో నేల టికెట్టు గుర్తుందా? ఇక్కడ ఉన్నదంతా నేల టికెట్టే. నేను శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉంటాను కాబట్టి ఊళ్లు, రైళ్లు ఇక్కడివే చెబుతాను. న్యూజెర్సీలోనో చికాగోలోనో ఉన్నవాళ్లకి హాళ్ల పేర్లు మారతాయి తప్ప మిగతాదంతా దాదాపు ఇంతే.

"మనవాళ్లెవరూ ఉండరు, అందరూ నన్నే చూస్తారు" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ పడ్డాను. లైట్లు ఆరిపోయాక ఎవరూ ఎవరినీ చూడరు. ఒంటరిగా వచ్చేవాళ్లు కూడా తక్కువేం ఉండరు. అసలు తోడు కోసం ఆగితే జీవితంలో వెళ్లలేరు. నేను బలవంతంగా తీసుకెళ్లిన నా రూమ్మేట్ మొదటి పాట అవగానే చెవి దగ్గరకొచ్చి "ఒరేయ్, ఇది పాటా, గొడవా?" అని అడిగాడు. రెండూ అని చెప్పాను.

ముందు హాలుని ఎంచుకోండి, బ్యాండుని కాదు

అందరూ చేసే పని, తమకి తెలిసిన బ్యాండు వచ్చేదాకా ఎదురుచూడటం. చిన్న బ్యాండుల పేర్లు మీకు ఎలాగూ తెలియవు, కాబట్టి ఆ ఎదురుచూపు తెగదు. ఇంటికి అందుబాటులో ఉన్న రెండు మూడు హాళ్లని పెట్టుకుని, నెలకోసారి వాటి క్యాలెండర్ చూసి, ఖాళీ ఉన్న రోజున ఏది ఉంటే దానికి వెళ్లండి. పేరు తెలియని బ్యాండులకి మొదటి వడపోత హాలువాళ్లే చేసి పెడతారు. ఏ హాలు రుచి మీకు పడుతుందో నాలుగైదు షోలకి తెలిసిపోతుంది, టిఫిన్ సెంటర్ల లాగే.

పంక్ అంటే ఇక్కడ మొదట చెప్పుకోవాల్సింది బర్క్‌లీలో 924 గిల్మన్. 1986 డిసెంబరు 31న మొదలైంది. గిల్మన్ వీధి, ఎనిమిదో వీధి కలిసే మూలన పాత ఇటుకల భవనం. వాలంటీర్లే నడుపుతారు, అన్ని వయసులవాళ్లనీ రానిస్తారు, లోపల మందు ఉండదు. జాతి వివక్ష వద్దు, ఆడవాళ్లని కించపరచడం వద్దు, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం వద్దు, మందు వద్దు, డ్రగ్స్ వద్దు, కొట్లాట వద్దు అని గోడ మీదే రాసి పెట్టిన చోటు. ఆపరేషన్ ఐవీ, గ్రీన్ డే, రాన్సిడ్ లాంటి బ్యాండులు ఈ గోడల మధ్యే పెరిగాయి. పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకున్న బ్యాండులకి ఇక్కడ వాయించే అవకాశం లేదన్నది దీని పాత నియమం. అందుకే 1993లో పెద్ద కంపెనీకి సంతకం పెట్టాక గ్రీన్ డేకి కూడా ఈ తలుపు మూసుకుపోయింది. 2015లో విరాళాల కోసం పెట్టిన ఒక బెనిఫిట్ షోకి మళ్లీ వచ్చి వాయించారు. ఆ మధ్యలో వాళ్లు ప్రపంచమంతా స్టేడియాలు నింపేశారు. మొదటి షోకి నేనైతే ఇక్కడికే పంపిస్తాను. తాగినవాళ్ల గోల ఉండదు. పదహారేళ్ల పిల్లలు, వాళ్ల వెనక చెవులకి మఫ్స్ పెట్టుకుని నిలబడ్డ వాళ్ల నాన్నలు, అందరూ కనబడతారు.

ఇండీ వైపు మొగ్గు ఉంటే శాన్ ఫ్రాన్సిస్కోలో పదిహేడో వీధిలో బాటమ్ ఆఫ్ ద హిల్. 1991 నుంచి నడిచిన పేరు అది, వెనక చిన్న పెరడు ఉంటుంది, బ్యాండుకీ బ్యాండుకీ మధ్య జనమంతా అక్కడే. ఓఫారెల్ వీధిలో గ్రేట్ అమెరికన్ మ్యూజిక్ హాల్ కాస్త పెద్దది, 1907 నాటి భవనం. పైకప్పుకి బంగారు రంగు నగిషీలు, చుట్టూ బాల్కనీ. నిలబడలేనివాళ్లకి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలని ఒకసారి తీసుకెళ్దామనుకునేవాళ్లకి అది మేలు. ఫెల్ వీధిలో రిక్షా స్టాప్ ఉంది. పేరు చూసి మనవాళ్లదేమో అనుకుని వెళ్లాను, కాదు. మంచి హాలే. ఆల్బనీలో శాన్ పాబ్లో అవెన్యూ మీద ఐవీ రూమ్ చిన్న బార్, స్థానిక బ్యాండులు వినడానికి బావుంటుంది.

శాన్ హోసే, మిల్పిటస్ వైపు ఉన్న మనవాళ్లు "ఇక్కడేమీ ఉండదు" అంటుంటారు. పంక్‌లోనే ఇంకా వేగంగా, మోటుగా వాయించే హార్డ్‌కోర్ రకంలో కొన్నేళ్లుగా అమెరికా అంతా చెప్పుకున్న బ్యాండుల్లో గల్చ్, సునామి శాన్ హోసేవి. డ్రెయిన్, స్కౌల్ కొండ అవతల శాంటా క్రూజ్‌వి. మనం ఇండియన్ గ్రోసరీ కోసం తిరిగే వీధుల్లోనే ఇదంతా జరుగుతోంది.

షోలన్నీ ఒక్కచోట కనబడాలంటే "ది లిస్ట్" అని ఒకటి ఉంది. దశాబ్దాలుగా నడుస్తున్న జాబితా. రంగుల్లేవు, బొమ్మల్లేవు, తేదీ, బ్యాండుల పేర్లు, హాలు, ధర, అంతే. పక్కన చిన్న గుర్తులు ఉంటాయి: నక్షత్రం ఉంటే చూడదగ్గ షో, డాలరు గుర్తు ఉంటే టికెట్లు అయిపోవచ్చు, @ ఉంటే తోపులాట ఉంటుంది జాగ్రత్త అని. ఒక అక్షరంతో ఇంత విషయం చెప్పే పద్ధతి నాకు మన పంచాంగంలో తప్ప ఇంకెక్కడా కనబడలేదు.

కొన్ని పోస్టర్ల మీద అడ్రసు ఉండదు, "ఎవరైనా పంక్‌ని అడగండి" అని ఉంటుంది. అంటే ఎవరింట్లోనో, గరాజ్‌లోనో, గోదాంలోనో జరిగే షో. అడ్రసు బయటపడితే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారని అలా రాస్తారు. నాలుగు మామూలు షోలకి వెళ్లి మొహాలు పరిచయమయ్యాక ఆ అడ్రసులు వాటంతటవే తెలుస్తాయి.

టికెట్టు, వయసు, ఐడీ

ధర ఎక్కువగా 12 నుంచి 25 డాలర్ల మధ్య. 2024 జులై నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపే ధర చూపించాలి, కాబట్టి ఆఖరి పేజీలో షాక్ తగ్గింది. చిన్న షోలకి తలుపు దగ్గర కొనుక్కోవచ్చు, కొన్నిచోట్ల నగదే తీసుకుంటారు, జేబులో రెండు ఇరవైలు ఉంచుకోండి.

వయసు నియమం ప్రతి షోకీ వేరుగా ఉంటుంది: అన్ని వయసులు, 18 దాటినవాళ్లు, 21 దాటినవాళ్లు. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే చాలాచోట్ల తలుపు దగ్గర మనిషి తల అడ్డంగా ఊపుతాడు, ఆధార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాస్‌పోర్టు నడుస్తుంది గానీ, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఆ తోపులాటలోకి వెళ్లడం తెలివైన పని కాదు. కాలిఫోర్నియా ఐడీ కార్డు డీఎంవీలో, అంటే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో తీసుకోండి, డ్రైవింగ్ రాకపోయినా ఇస్తారు.

21 నిండనివాళ్ల చేతి వెనక నల్ల మార్కరుతో ఎక్స్ గుర్తు వేస్తారు, వీళ్లకి మందు పోయకూడదని. ఇప్పుడు అమెరికా అంతా ఉన్న ఈ గుర్తుకి పంక్ చరిత్రలో పెద్ద కథే ఉంది. 1980లో వాషింగ్టన్ డీసీ నుంచి టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు శాన్ ఫ్రాన్సిస్కోలోని మబుహే గార్డెన్స్‌లో వాయించడానికి వచ్చింది. అది ఒక ఫిలిప్పీన్స్ రెస్టారెంటు, రాత్రిళ్లు పంక్ క్లబ్బు. అక్కడ వాళ్ల చేతుల మీద ఎక్స్ వేశారు. వాళ్లు ఆ ఉపాయం మోసుకెళ్లి తమ ఊళ్లో క్లబ్బు యజమానికి చెప్పారు: పిల్లల్ని రానివ్వండి, ఇలా గుర్తు వేయండి, తాగం. తర్వాత మందు ముట్టని పంక్‌లు ఆ ఎక్స్‌ని తామే వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. నిషేధం గుర్తు కాస్తా పౌరుషం గుర్తయింది. కాబట్టి మీ చేతి మీద ఎక్స్ వేస్తే చిన్నబోకండి.

చెవులు

మిగతా సలహాలు మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

అమెరికాలో పని చోట శబ్దానికి నియోష్ సంస్థ సూచించే హద్దు, 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. ఇలా లెక్క వేసుకుంటూ పోతే 100కి పావుగంట. చిన్న హాల్లో రాక్ షో 100 దాటడం మామూలే, షో మూడు గంటలు. డ్రమ్స్‌కి మైకు అవసరం లేనంత చిన్న గది అయితే సౌండ్ ఇంజనీరు చేతిలో కూడా ఏమీ ఉండదు, డ్రమ్స్ ఎంత గట్టిగా కొడితే మిగతావన్నీ దానికి తగ్గట్టు పెంచాల్సిందే.

ఇది ముసలివాళ్ల చాదస్తం కాదు, పంక్‌ల లోపల్నుంచే వచ్చిన హెచ్చరిక. శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండు ద కాంట్రాక్షన్స్‌లో బేస్ గిటారు వాయించిన క్యాథీ పెక్ 1980ల్లో ఒక పెద్ద కచేరీ తర్వాత వినికిడి పోగొట్టుకుంది. 1988లో రాక్ సంగీతకారుల, శ్రోతల చెవుల కోసం హియర్ అనే సంస్థ పెట్టడంలో భాగమైంది. ఇవాళ స్టేజీ మీద వాయించేవాళ్ల చెవుల్లో ఏదో ఒకటి ఉంటుంది, గమనించి చూడండి.

చెవుల్లో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్స్ జత పావు డాలరు అంత, చాలా హాళ్లలో బార్ దగ్గర అడిగితే ఇస్తారు. కానీ పదిమందిలో తొమ్మిదిమంది వాటిని చెవి బయట అంటించుకుంటారు, అది పెట్టుకోకపోవడంతో సమానం. ముందు చేతులు తుడుచుకోండి. ప్లగ్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య దీపం వత్తి చేసినట్టు నలిపి సన్నగా చేయండి, మడత పడకూడదు. కుడి చెవికి పెట్టాలంటే ఎడమచేతిని తల మీదుగా పోనిచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకీ, వెనక్కీ లాగండి. చిన్నప్పుడు మాస్టారు మెలిపెట్టినట్టు, కాస్త ప్రేమగా. లోపలి దారి తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి తోసి, వేలు తీయకుండా ఇరవై ముప్ఫై అంకెలు లెక్కపెట్టండి, అది లోపల ఉబ్బుతుంది. సరిగ్గా కూర్చుందా లేదా చూడాలంటే రెండు అరచేతులూ చెవుల మీద మూయండి. శబ్దం ఒక్కసారిగా బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా లేనట్టు. పెద్ద తేడా రాకపోతే బాగా పడ్డట్టు.

ఫోమ్‌తో గొంతులు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినబడతాయి. నెలకి రెండు షోలకి వెళ్లేవాళ్లు ఇరవై ముప్ఫై డాలర్లు పెట్టి సంగీతం కోసం చేసిన ప్లగ్స్ కొనుక్కోండి, అవి అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. మాటలు ఇంకా స్పష్టంగా వినబడతాయి. తాళాల గుత్తికి తగిలించుకుంటే ఇంట్లో మర్చిపోరు. మధ్యలో తీసి "అసలు ఎలా ఉందో" చూడాలనిపిస్తుంది, బయటికి వెళ్లి తీయండి.

బట్టల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పంక్ అని తోలు జాకెట్టు కొననక్కర్లేదు, ఆఫీసు టీషర్టుతో వచ్చినా ఎవరూ పట్టించుకోరు. వేళ్లు కప్పే బూట్లు, గట్టిగా కట్టిన లేసులు ముఖ్యం. శాన్ ఫ్రాన్సిస్కోలో వేసవి రాత్రి కూడా చలే, లోపల మాత్రం ఉడుకు, కాబట్టి నడుముకి కట్టుకోవడానికి వీలైన పల్చటి జాకెట్టు చాలు. వీపు మీద లాప్‌టాప్ బ్యాగుతో రావద్దు, వెనకవాళ్ల మొహాలకి తగులుతుంది. తిని వెళ్లండి. గిల్మన్‌కి వెళ్లేరోజు నేను బర్క్‌లీ యూనివర్సిటీ అవెన్యూ మీద దోసె తినేసి వెళ్తాను.

టైముకి వెళ్లడం, అంటే మొదటి బ్యాండుకి

పోస్టరు మీద రెండు టైములు ఉంటాయి. డోర్స్ ఏడు, షో ఎనిమిది. మొదటిది తలుపు తీసే వేళ, రెండోది మొదటి బ్యాండు మొదటి దెబ్బ కొట్టే వేళ. ఇది ఐఎస్‌టీ కాదు, ఎనిమిదంటే ఎనిమిదే. మూడు నాలుగు బ్యాండులు, మొదటివాళ్లకి తలా ఇరవై ఐదు ముప్ఫై నిమిషాలు, ఆఖరివాళ్లకి ముప్పావు గంట, గంట. మధ్యలో సామాన్లు మార్చడానికి పదిహేను ఇరవై నిమిషాలు.

కర్ణాటక కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే క్యాంటీన్ వైపు నడిచేవాళ్లు ఉంటారు కదా. మృదంగం వాయించే ఆయన మొహం ఒకసారి చూసి ఉంటే వాళ్లు అలా లేవరు. ఇక్కడ మొదటి బ్యాండుది అదే పరిస్థితి. పోస్టరులో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉండేది వాళ్లే. చాలాసార్లు ఈ ఊరివాళ్లే. పగలు ఎక్కడో పని చేసి, సాయంత్రం ట్రాఫిక్‌లో పడి, వాళ్ల డ్రమ్స్ వాళ్లే మోసుకుని వస్తారు. వాళ్లు మొదలుపెట్టేసరికి గదిలో పాతికమంది ఉంటారు, అందులో పదిమంది మిగతా బ్యాండులవాళ్లు. మీరు వెళితే ఇరవై ఆరు. స్టేడియంలో మీరు రాకపోతే ఎవరికీ తెలియదు, ఇక్కడ తెలుస్తుంది.

పుణ్యం కోసం చెప్పడం లేదు. నాకు నచ్చిన బ్యాండుల్లో సగానికి పైగా నాకు మొదట ఎదురైంది ఇలా ఎనిమిదింటికే. ఒకసారి ముగ్గురమ్మాయిల బ్యాండు, మొదటి పాట మధ్యలో బేస్ యాంప్లిఫయర్ ఆగిపోయింది. పాడే అమ్మాయి ఆపలేదు. డ్రమ్స్, గొంతు, అంతే. బేస్ వాయించే అమ్మాయి గిటారు మెడలో వేలాడుతుండగానే వంగి ఒక్కో వైరు పీకి గుచ్చి చూస్తోంది. తర్వాత వాయించాల్సిన బ్యాండులోంచి ఒకతను తన యాంప్లిఫయర్‌ని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి పెట్టాడు. తగిలించిన క్షణాన బేస్ సరిగ్గా చరణం దగ్గర దిగింది. గదిలో ముప్ఫై మందిమి మూడొందలమంది అరిచినట్టు అరిచాం. తొమ్మిదిన్నరకి వచ్చినవాళ్లకి అది ఎలా చెప్పినా అర్థం కాలేదు.

లోపలికి వెళ్లాక

మొదట చూడాల్సింది స్టేజీ కాదు, బయటికి వెళ్లే దారులు. మీరు వచ్చింది కాక ఇంకోటి ఎక్కడుందో కళ్లతో చూసి పెట్టుకోండి. 2016 డిసెంబరు 2న ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గోదాంలో సంగీత కార్యక్రమం జరుగుతుండగా మంటలంటుకుని 36 మంది చనిపోయారు. పై అంతస్తు నుంచి దిగడానికి సరైన దారి లేకపోయింది. ఇక్కడి సంగీతం మనుషుల్లో ఆ మంటల్లో స్నేహితుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, కాబట్టి దారి ఎక్కడని అడిగితే ఎవరూ నవ్వరు. ఇంటి షోలో మెట్ల మీద సామాన్లు అడ్డంగా పడి ఉంటే, గది కిక్కిరిసి ఉంటే, డబ్బులు పోయినా సరే బయటికొచ్చేయండి.

ఎక్కడ నిలబడాలి? బాగా వినాలంటే సౌండ్ ఇంజనీరు బల్ల దగ్గర. ఆ మనిషి తన చెవికి ఎలా వినబడితే బావుంటుందో అలా సర్దుతున్నాడు, ఆ చోటే కచేరీకి నాభి. బాగా చూడాలంటే ముందు వరసలో పక్క గోడ వైపు. నాలాంటి పొట్టివాళ్లకి అదే గతి, తోపులాట మధ్యలో జరుగుతుంది కాబట్టి పక్కన ప్రశాంతం. స్పీకరు ఎదురుగా మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇండీ షోలో నెమ్మదైన పాట నడుస్తుంటే మాట్లాడకండి. గుసగుస కూడా రెండొందలమంది గదిలో స్టేజీ దాకా వెళ్తుంది. ఆఫీసు ముచ్చట్లకి వెనక పెరడు ఉంది. ఫోన్‌తో ఒక పాట తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు, చెయ్యెత్తి గంటసేపు తీస్తే వెనకవాళ్లకి మీ ఫోనే కచేరీ అవుతుంది.

పిట్ సంగతి

స్టేజీ ముందు జనం ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ తిరిగే చోటుని మాష్ పిట్ అంటారు. బయటినుంచి చూస్తే కొట్లాటలా ఉంటుంది. హైదరాబాద్‌లో నిమజ్జనం రోజు డప్పు ముందు తీన్మార్ ఆడినవాళ్లకి, పెద్ద హీరో సినిమా మొదటిరోజు తెర ముందు కాగితాలు చల్లినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఒంటికి తగులుతారు, పగ మాత్రం ఉండదు.

నియమాలు ఎక్కడా రాసి ఉండవు, అందరూ పాటిస్తారు. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే ఆగి లేపాలి. ఇది అన్నిటికంటే పెద్ద నియమం. నేను ఒకసారి తడి నేల మీద జారి వెల్లకిలా పడ్డాను. భయపడే టైము కూడా ఇవ్వలేదు. మోచేతుల కింద రెండు జతల చేతులు, నడుము దగ్గర ఒకటి, ఒక్క ఊపులో నిలబెట్టేశాయి. మెడకి పచ్చబొట్టు ఉన్న ఒక భారీ మనిషి నా భుజాలు పట్టుకుని కళ్లలోకి చూసి బొటనవేలు ఎత్తాడు, బాగానే ఉన్నావా అన్నట్టు. నేనూ ఎత్తాను. అంతే, మళ్లీ తోసేశాడు. పది నిమిషాల తర్వాత ఎవరో చెయ్యెత్తి ఒక కళ్లజోడు ఊపుతున్నారు. నాదే. దొరికిన వస్తువుని అలా పైకెత్తి చూపించడం కూడా నియమమే.

చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, మోచేతులు బయటికి వద్దు. తోయడానికి అరచేతులు, భుజాలు చాలు. అంచున నిలబడి చేతులు కట్టుకున్నవాళ్లని లోపలికి లాగకూడదు, వాళ్లు రామని చెబుతున్నట్టే. తల మీద నుంచి ఎవరైనా తేలుతూ వస్తుంటే రెండు చేతులూ ఎత్తి మోయండి, తల దగ్గర జాగ్రత్త. కళ్లజోడు ఉన్నవాళ్లు వెనక తాడు కట్టుకోండి, నేను నేర్చుకున్నాను. హార్డ్‌కోర్ షోల్లో తోసుకోవడం కంటే ఎక్కువగా ఖాళీ జాగాలో కాళ్లూ చేతులూ గాల్లోకి విసురుతారు. అది తెలియకుండా మధ్యలోకి నడిస్తే ముక్కుకి తగులుతుంది. మొదటి రెండు పాటలు అంచున ఉండి ఈ గది ఏ రకమో చూసి అడుగుపెట్టండి. అలసిపోతే చెయ్యెత్తి పక్కకి నడవండి, దారిస్తారు.

కావాలని కొట్టేవాళ్లు లేరా? ఉంటారు, ప్రతి గుంపులో ఒకడు. వాషింగ్టన్ డీసీ బ్యాండు ఫుగాజీ అయితే పాట మధ్యలో ఆపేసి, అలాంటివాణ్ని వేలెత్తి చూపించి, టికెట్టు డబ్బులు ఐదు డాలర్లు వాడి చేతిలో పెట్టి బయటికి పంపేది. టికెట్టు ఐదు డాలర్లకి మించకూడదన్నది వాళ్ల పట్టుదల. ఇప్పటికీ చాలా బ్యాండులు పాట ఆపి అడుగుతాయి.

అమ్మాయిల విషయంలో ఒక మాట. ఇరుకులో చెయ్యి వేసే వెధవలు ఇక్కడా తగులుతారు, రాత్రి బస్సుల్లో తగిలినట్టే. తేడా ఏమిటంటే, ఇక్కడ గట్టిగా అరిస్తే గది మీ వైపు ఉంటుంది. తలుపు దగ్గర మనిషికో, సౌండ్ ఇంజనీరుకో, ఆఖరికి పాడేవాళ్లకో చెప్పండి, మైకు వాళ్ల చేతిలోనే ఉంటుంది. 1990ల మొదట్లో బికినీ కిల్ బ్యాండు గాయని క్యాథలీన్ హానా షో మొదట్లోనే మగవాళ్లని వెనక్కి జరగమని, ఆడవాళ్లని ముందుకు రమ్మని పిలిచేది. అప్పుడు చాలామందికి కోపం వచ్చింది. ఇవాళ ఆ పిలుపు వినబడితే మగవాళ్లు గొణక్కుండా జరుగుతారు. మీరూ జరగండి.

మెర్చ్ బల్ల

మెర్చ్ అంటే బ్యాండులు తమ పేరుతో అమ్ముకునే టీషర్టులు, బ్యాడ్జీల్లాంటివి. అవి ఎందుకు కొనాలో లెక్క ఒకసారి వేసి చూడండి. ఎనభైమంది, తలా 15 డాలర్లు, మొత్తం 1,200. అందులో హాలు ఖర్చు, సౌండ్, తలుపు మనిషి జీతం తీసేయండి. మిగిలింది నాలుగు బ్యాండులు పంచుకోవాలి, ఒక్కోదానిలో నలుగురు. పోర్ట్‌లాండ్ నుంచి వ్యాన్‌లో వచ్చినవాళ్లకి పెట్రోలు కూడా రాకపోవచ్చు. వాళ్లని రేపటి ఊరికి చేర్చేది వెనక బల్ల మీద మడిచి పెట్టిన టీషర్టులు. పాతిక ముప్ఫై డాలర్లు ఉంటుంది, మనసులో రూపాయల్లోకి మార్చకండి, ఆ లెక్క మొదలైతే ఏదీ కొనలేరు. అంత వద్దనుకుంటే ఒక బ్యాడ్జీ, స్టిక్కరు. కొనకపోయినా వెళ్లి మాట్లాడండి. బల్ల వెనక కూర్చున్నది తరచుగా పది నిమిషాల ముందు స్టేజీ మీద అరిచిన మనిషే. పెద్ద విశ్లేషణ అక్కర్లేదు. "మూడో పాట బావుంది, పేరేంటి?" అని అడిగితే వాళ్ల మొహం వెలుగుతుంది.

ఇంటికెళ్లాక వినాలంటే బ్యాండులు తమ పాటలు తామే అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో కొనండి. డిజిటల్ అమ్మకాల్లో ఆ సంస్థ 15 శాతం తీసుకుంటుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని కొన్ని శుక్రవారాలు పెడతారు, 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు వచ్చిన పద్ధతి, ఆ రోజు తన వాటా వదిలేస్తుంది. నేను నచ్చిన పేర్లు ఫోన్‌లో రాసుకుని ఆ శుక్రవారమే కొంటాను.

తిరుగు ప్రయాణం

ఇది షోకి ముందే తేల్చుకోవాల్సిన విషయం. బార్ట్, అంటే బే ఏరియా మెట్రో, ఆఖరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో అయిపోతాయి, మీ స్టేషను నుంచి ఆఖరిది ఎప్పుడో ఆ రోజే చూసుకోండి. గిల్మన్ నుంచి నార్త్ బర్క్‌లీ స్టేషనుకి పాతిక నిమిషాల నడక, రాత్రి ఒంటరిగా నడవబుద్ధి కాకపోతే క్యాబ్. బాటమ్ ఆఫ్ ద హిల్ నుంచి ఇరవైరెండో వీధి కాల్‌ట్రెయిన్ స్టేషను పావుగంట. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వాళ్లకి అదే దిక్కు. రైలు తప్పితే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బే బ్రిడ్జి మీదుగా ఈస్ట్ బేకి రాత్రంతా తిరిగే ఏసీ ట్రాన్సిట్ అనే సంస్థ 800 నంబరు బస్సు ఉంది. ఆలస్యం, చలి, కానీ ఉంది.

కారులో వెళితే సీట్ల మీద ఏమీ కనబడకుండా వదలండి, ఖాళీ బ్యాగు కోసం కూడా అద్దం పగలగొడతారు. తాగితే బండి ముట్టుకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి ఇది మామూలు సలహా కాదు. తాగి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం కాన్సులేట్లకి ఉంది, చేస్తున్నారు కూడా.

ఎండాకాలంలో ఇక్కడ రాత్రి పావు తక్కువ పన్నెండంటే ఇండియాలో మధ్యాహ్నం పన్నెండుంపావు. నేను సరిగ్గా ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడే మా అమ్మకి వంట అయిపోయి ఫోన్ చేయాలనిపిస్తుంది. "ఏం నాన్నా, ఈ వేళప్పుడు బయటున్నావేంటి? గొంతేంటి అలా పోయింది?" కచేరీకి వెళ్లానని చెబుతాను, అబద్ధమేం కాదు. ఎవరిది అని అడిగితే పేర్లు చెబుతాను. ఒక్కటీ అర్థం కాదు గానీ, "టైముకే వెళ్లావా?" అని మాత్రం అడుగుతుంది.

మర్నాడు పొద్దున చెవుల్లో మోత ఉంటే ఆ రోజు హెడ్‌ఫోన్స్ వద్దు. రెండు రోజులకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. గొంతుకి వేడినీళ్లలో ఉప్పు. చేతి మీద ముద్ర సబ్బుతో పోదు, హ్యాండ్ శానిటైజర్ వేసి కాసేపు రుద్దితే చాలావరకు పోతుంది. సోమవారం మీటింగ్‌లో కెమెరా ముందు చెయ్యి ఊపేముందు ఒకసారి చూసుకోండి.